సువైక్‌లో నేనల్లిన పెళ్ళి చాప

ఆ కబురు మొదట నాకు మోసుకొచ్చింది మా ఇంటి డ్రైవరు, కడప తమ్ముడు. ఒమాన్ దేశంలోని అల్ సువైక్‌లో మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళం.

"అక్కా, నీ సీటు పాయె! పక్కింటికి కొత్తగా వచ్చిన గోదావరామెను పెద్ద మేడమ్ పిలిపిచ్చుకొని అల్లిస్తాంది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆరేళ్ళుగా, సాయంత్రం నమాజు ముగించి ముసలి మేడమ్ అల్లడానికి ఖర్జూరపాకు ముందేసుకుంటే పక్కన కూచునేది నేనే. బడి మొహం చూడని నాకు అక్షరాలూ ఈతచాప అల్లికా అమ్మే నేర్పింది. ఆ పనే పరాయిచోట నాకింత గౌరవం తెచ్చిందని దేవుడికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

వెళ్ళి చూశాను. ఆమె వేళ్ళ కింద జడలాంటి పట్టీ సన్నగా, నున్నగా సాగిపోతోంది. మేడమ్ దాన్ని మురిపెంగా చెంపకు ఆనించుకుంది. నా అల్లికను ఏనాడూ అలా ఆనించుకోలేదు. పైగా ఆమె తాగిన కాఫీ గిన్నె నేనే కడిగాను.

మేడమ్ మనవరాలి పెళ్ళి భోజనానికి పళ్ళేల కింద పరిచే గుండ్రటి చాప కావాలంటే, నేనే అల్లుతానని పట్టుబట్టాను. "బాగా రాకుంటే ఆమెకిస్తా," అంది మేడమ్.

మెత్తగా రావాలని, అమ్మ ఈతాకును వంక నీళ్ళలో నానేసినట్టు, ఖర్జూరం మొవ్వులోని లేతాకును రెండు రోజులు తొట్లో ముంచాను. పట్టీ అల్లి, గుండ్రంగా చుట్టి కుట్టాను; తడిమీద ఎంతో అందంగా కుదిరింది. ఎండలో వేశాక ఆకు కుంచించుకుపోయి చాపంతా కంతలు తేలింది. పెళ్ళి మర్నాడే.

అది ముందుగా గోదావరామె కంట్లోనే పడింది.

"అదేంటక్కా, ఆకుని గేదెలా నీళ్ళలో పడుకోబెట్టేసేవా? లేతాకుకి తడిగుడ్డ చుడితే చాలు గదా!" అంటూ పక్కన కూలబడింది. కుట్లు విప్పి, పట్టీ బిగించి, చాలని చోట తనల్లిన పట్టీ చేర్చి, పొద్దు వాలేదాకా కుట్టింది.

పెళ్ళిలో ఆ చాప చూపించి, "మా పిల్ల అల్లింది," అని మేడమ్ నన్ను దగ్గరకు తీసుకుంది. గోదావరామె పళ్ళేలు మోస్తూ విన్నది. నేను నోరు తెరవలేదు. నా చోటు నాకు దక్కింది, అంతే చాలనుకున్నాను.

నెలలోపే ఆమె ఇంటివాళ్ళు రుస్తాఖ్‌కు మారిపోయారు. ఆమె నంబరైనా అడగలేదు నేను. ఆ చాప అంచున సన్నటి అల్లిక చూస్తే ఇప్పటికీ అసూయే, దాచడమెందుకు? చదివే అమ్మలారా, మీ ప్రార్థనలో నన్ను కాదు, ఆమెను తలచుకోండి.