తూచని బెల్లం

వరంగల్ బీట్ బజార్‌లో వెంకట్రాజం వాళ్లది తాతలనాటి బెల్లం దుకాణం. అన్నదమ్ములు ముగ్గురు. గల్లాపెట్టె పెద్దన్నది, బేరాలు నడిపన్నవి, చిన్నవాడైన వెంకట్రాజానికి మిగిలింది కాంటా. మూతి మీద మీసం రాకముందు కాంటా దగ్గర నిలబడ్డవాడు, తలలో తెల్లవెంట్రుకలు కనబడేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. బెల్లం ముద్దను అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎగరేస్తే చాలు, లోపల ఇసుక ఉందో లేదో చెప్పేసేవాడు. తడిపిన గోనెసంచి, అడుగున రాయి దాచిన బుట్ట, ఇలాంటి ఆటలేవీ అతని దగ్గర సాగేవి కావు. వాళ్ల నాయన కొడుకులకు నేర్పిన వ్యాపారం చాలా సులువైనది: బేరంలో నోటికొచ్చినన్ని అబద్ధాలు ఆడొచ్చు, తూకంలో ఒక్కటి కూడా ఆడకూడదు. మొదటి సగాన్ని అన్నలిద్దరూ బాగా వంటబట్టించుకున్నారు. రెండో సగం వెంకట్రాజం వాటాకు వచ్చింది.

డెబ్బై ఎనిమిదిలో తొర్రూరు భాస్కర్ ఆ దుకాణానికి వచ్చాడు. షార్జాలో క్రేన్ నడిపే మనిషి, సెలవు మీద ఇంటికి వచ్చి తిరిగి వెళ్తున్నాడు. ఒక్కడికి ఎందుకో గానీ బస్తాకు సరిపడా బెల్లం, దానికి తోడు చింతపండు, ఎండుమిర్చి కావాలన్నాడు. ఇంతెందుకు బాబూ అని అడిగితే, క్యాంపులో మనవాళ్లు వందలమంది ఉన్నారనీ, చారులోకి చింతపండు దొరక్క నిమ్మకాయలు పిండుకుంటున్నారనీ చెప్పాడు. భాస్కర్ వెళ్లిపోయాడు. ఆ నిమ్మకాయల మాట మాత్రం వెంకట్రాజాన్ని వదల్లేదు. గల్లాపెట్టె పెద్దన్నది, బేరాలు నడిపన్నవి, తనకంటూ ఒక దుకాణం ఎక్కడుందో ఆ రోజు తెలిసినట్టయింది.

అన్నలు కడుపుబ్బ నవ్వారు. ఇసుకదేశంలో నీ బెల్లం ఎవడు కొంటాడురా అన్నారు.

"తినేటోళ్లు ఆడికి పోయిండ్రు. అమ్మేటోడు ఈడ కూసుంటే ఎట్ల?" అన్నాడు వెంకట్రాజం.

భార్య కళావతి నవ్వలేదు. అక్కడ నీకు వండిపెట్టేదెవరని మాత్రం అడిగింది. నేర్చుకుంటానన్నాడు. అప్పటిదాకా పొయ్యి అంటించి ఎరగని మనిషి ఆ మాట అంటుంటే ఆమెకు నమ్మకం కలగలేదు, కానీ పైకి అనలేదు. ట్రంకుపెట్టెలో బట్టల మీద తాతలనాటి ఇత్తడి తరాజును తనే సర్దిపెట్టింది. బొంబాయి విమానాశ్రయంలో ఆఫీసరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇదేం యంత్రమని అడిగాడట.

షార్జాలో రెండేళ్లు ఒక కంపెనీ స్టోరులో పనిచేసి, ఆ తర్వాత ఒక అరబ్బు పేరు మీద లైసెన్సు తీసుకుని, పాత బజారు వెనక చిన్న కిరాణా దుకాణం తెరిచాడు. ఒకవైపు మలయాళీ లాండ్రీ, ఇంకోవైపు పఠాను రొట్టెల బట్టీ. వరంగల్ మిర్చి, చింతపండు, జొన్నపిండి, నువ్వులు, పల్లీలు, బెల్లం, అన్నీ ఊరి నుంచి అన్నల దుకాణం మీదుగా వచ్చేవి. నవ్విన అన్నలు ఇప్పుడు సరుకు పంపడానికి తొందరపడేవారు. శుక్రవారం వచ్చిందంటే కరీంనగర్ వాళ్లు, నిజామాబాద్ వాళ్లు, వరంగల్ వాళ్లు దుకాణం నిండా ఉండేవారు. అందులో సగంమంది కొనేది ఏమీ ఉండదు. మిర్చి బస్తాల మీద కూర్చుని తుమ్ముకుంటూ ఊరి సంగతులు చెప్పుకునేవారు. వెంకట్రాజం ఎవర్నీ లేవమనలేదు.

ఎనభై రెండులో మేడారం జాతర వచ్చింది. మనవైపు సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు ఒంటి బరువంత బెల్లం తూయించి ఇస్తారు. ఇస్తామన్నవాళ్లు షార్జాలో ఉన్నారు, తల్లులు ఏటూరునాగారం అడవుల్లో ఉన్నారు. ఏం చేయాలని అందరూ తలపట్టుకుంటే వెంకట్రాజం దారి చెప్పాడు. దుకాణం వెనక గదిలో దూలానికి పెద్ద తరాజు వేలాడదీశాడు. గొలుసులకు చెక్కపలకలు కట్టి, ఒక పలక మీద మనిషిని కూర్చోబెట్టి, రెండోదాని మీద బియ్యం సంచులు పేర్చాడు. ఆ బరువు ఫోన్లో వరంగల్‌కు చెబితే కళావతి అంత బెల్లం తూయించి, లారీలో మేడారం తీసుకుపోయి, వాళ్ల ఇంటివాళ్ల చేతికి అందిస్తుంది. షార్జా తరాజు చెప్పింది మేడారంలో చెల్లింది. వెంకట్రాజం తూకం అంటే ఇక తిరుగులేదని క్యాంపులన్నీ అనుకున్నాయి.

ఆ ఏడు తూగినవాళ్లలో గట్టయ్య ఒకడు. ఏటూరునాగారం పక్క పల్లె మనిషి, కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు వంచే పని. కూతురికి మెదడు జ్వరం వచ్చి దవాఖానలో చేతులెత్తేసినప్పుడు, పిల్ల బతికితే ఆమె పెద్దదయ్యేదాకా ప్రతి జాతరకూ తన బరువు బెల్లం ఇస్తానని మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. అప్పుడే కొత్తగా వచ్చిన గట్టయ్య ఆ పలక మీద కూర్చుంటే గొలుసులు కిర్రుమన్నాయి, దూలం విరుగుతుందేమోనని అందరూ ఆటపట్టించారు.

మళ్లీ జాతర ఎనభై నాలుగులో. ఆ శుక్రవారం అందరూ తూగి వెళ్లేదాకా గట్టయ్య మూలన నిలబడ్డాడు. ఒంటి మీద బొంత లాంటి పెద్ద కోటు. మెల్లగా వచ్చి పలక మీద కూర్చున్నాడు. సంచులు పేరుస్తున్న వెంకట్రాజం చేతులు ఆగిపోయాయి. మనిషి చెంపలు పీక్కుపోయి ఉన్నాయి, పలక మాత్రం కిందికి దిగింది. అడుగున రాయి పెట్టిన బుట్టను జీవితమంతా చూసినవాడికి ఇది తెలియకుండా ఎలా ఉంటుంది?

తలుపు దగ్గరికి వేసి వచ్చి, నడుముకు ఏం కట్టుకున్నావని నెమ్మదిగా అడిగాడు.  గట్టయ్య కోటు విప్పాడు. లోపల తువ్వాలులో చుట్టి నడుముకు బిగించిన ఇనుప చువ్వ ముక్కలు.

"తల్లులను మోసం చేస్తలేను సేటూ," అన్నాడు. "ఎక్కువిస్తె వాళ్లు కోపం చేస్తరా? పోయిన జాతరకు ఎంత బెల్లం ఎత్తిందో నా పెండ్లాం సమ్మమ్మకు యాదికుంటది. ఈసారి తక్కువొస్తె ఆమెకు సమజైతది. నేనీడ తింటలేనని ఎరుకైతది. గంతే నా ఫికర్."

ఊళ్లో బావి తవ్విస్తున్నాడు. అది పూర్తయ్యేదాకా జీతమంతా ఇంటికే పంపాలని, పఠాను బట్టీలో రొట్టె కొనుక్కుని నీళ్లలో ముంచుకుని తింటున్నాడు. మొదట్లో రెండు రొట్టెలు, ఇప్పుడు ఒకటే.

వెంకట్రాజానికి కోపమొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ దిగమింగి, ఈ బరువు తను చెప్పనన్నాడు. జాతరకు ఇంకా నెలన్నర ఉంది, అప్పటిదాకా రోజూ పని దిగాక వచ్చి ఇక్కడ తినమన్నాడు. ఊరికే పెడితే తిననని గట్టయ్య మొండికేశాడు. అయితే సాయంత్రాలు బస్తాలు దించు, కూలికి కూడు అన్నాడు వెంకట్రాజం. దానికి ఒప్పుకున్నాడు.

అన్నాళ్లూ హోటల్ తిండితో గడిపిన వెంకట్రాజం అలా పొయ్యి అంటించాడు. మొదటిరోజు అన్నం మాడింది, పప్పు ఉడకలేదు. గట్టయ్య ఒక్క మాట అనకుండా పళ్లెం ఖాళీ చేశాడు. వారం తిరిగేసరికి పచ్చిపులుసు కుదిరింది, పదిరోజులకు పప్పుచారు దారికొచ్చింది. తాలింపు వాసన గోడ దాటి లాండ్రీలోకి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి పోయింది. గట్టయ్యకు పెడుతున్నావు, మాకేం తక్కువని నలుగురు వచ్చారు. ఆ నలుగురి వెనక ఇంకో పదిమంది. తర్వాతి రోజుల్లో షార్జా అంతటా పేరు తెచ్చుకున్న మెస్ మొదలైంది ఇలాగే. అడిగినవాళ్లకు మాత్రం వెంకట్రాజం, వ్యాపారం అన్నాక నాలుగూ ఆలోచించాలి గదా అని గొప్పలు పోయేవాడు.

నెల గడిచింది. గట్టయ్య ముఖంలో కాస్త కళ వచ్చింది. కోటు తీసేసి, జేబులు దులిపి చూపించి పలకెక్కాడు. వెంకట్రాజం పోయిన జాతరనాటి బరువును మనసులో పెట్టుకునే సంచులు పేర్చాడు. గట్టయ్య కూర్చున్న పలక లేచి గాలిలో ఊగింది. సంచి తీశాడు. ఇంకోటి తీశాడు. చివరికి తరాజు ముల్లు నిలిచేసరికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఎండలో ఇనుముతో పనిచేసే ఒళ్లు నెల తిండికి కోలుకోదు. గట్టయ్య దిగి, నిజమే చెప్పు సేటూ అన్నాడు. ఆ మాట నోటితో అన్నాడు గానీ కళ్లతో అనలేదు.

మర్నాడు బీట్ బజార్‌కు ట్రంక్ కాల్ కలిసింది. అవతల కళావతి. ఒక్కొక్కరి పేరూ, బరువూ చెప్పాడు. గట్టయ్య పేరు చెప్పి ఆగాడు.

"గట్టయ్యదెంత?" అని అడిగింది కళావతి.

"పోయినసారి ఎంతో గంతే."

ఫోను పెట్టేశాక అక్కడే నిలబడిపోయాడు. చనిపోయిన నాయన ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు సిగ్గేసింది. అదీ తల్లుల మొక్కు దగ్గర. ఆ రోజంతా తరాజు ఉన్న గదిలోకి పోలేదు.

జాతర అయిపోయింది. మళ్లీ సెలవుకు వెళ్లిన భాస్కర్ తిరిగొచ్చాడు. దుకాణంలోకి వస్తూనే గుడ్డలో కట్టిన మూటను బల్ల మీద పెట్టి, కళావతక్క పంపిందన్నాడు. విప్పితే బెల్లం ముద్దలు. ఇది దుకాణం సరుకు కాదనీ, గట్టయ్య మొక్కులోదనీ చెప్పాడు భాస్కర్.

మేడారం దారిలో సమ్మమ్మా భాస్కరూ ఒకే బస్సెక్కారట. మా ఆయన ఎట్లున్నాడన్నా అని ఆమె అడిగిందట. భాస్కర్‌కు అబద్ధం నోట రాలేదు, నిజం చెప్ప మనసొప్పలేదు. కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. తల్లుల గద్దెల దగ్గర కళావతి బెల్లం అప్పగిస్తే, సమ్మమ్మ గంప ముందు కూర్చుని ముద్దలను చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని కొన్ని పక్కన పెట్టింది. మిగిలింది తలకెత్తుకుని గద్దె దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి, పక్కన పెట్టినవి కొంగులో వేసుకుని కళావతి చేతికిచ్చింది.

"ఆమె అన్న మాటలు ఉన్నదున్నట్టు చెప్పుమన్నది కళావతక్క," అన్నాడు భాస్కర్. "గింత మా ఆయన బరువు కాదు. లేని బరువును తల్లులకు ఎట్లిత్త? ఇది ఆయనకే తినవెట్టుండ్రి. బావి ఎప్పుడైన తవ్వుకుంటం. ముందు బువ్వ తినుమనుండ్రి."

వెంకట్రాజం మూటను రెండు చేతులతో ఎత్తుకుని వెనక గదిలోకి నడిచాడు. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, చేతులు వాటంతట అవే తరాజు వైపు పోయాయి. తను అబద్ధం చెప్పిన బరువెంతో అతనికి తెలుసు. ఆమె తీసిపెట్టినది ఎంతో కూడా ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. పలక దాకా వెళ్లిన చేతులను వెనక్కి తీసుకున్నాడు. తూచలేదు.

పెరటి తలుపు దగ్గర గట్టయ్య బియ్యం బస్తా దించుతున్నాడు. వెంకట్రాజం అతన్ని పిలిచి, తరాజు పలక మీదే కూర్చోబెట్టి, మూట ఒళ్లో పెట్టాడు. సమ్మమ్మ పంపింది అన్నాడు. ఆమె అన్న మాటలన్నీ చెప్పాడు. గట్టయ్య తలెత్తలేదు. ఒక ముద్ద తీసుకుని, గొలుసు పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకుని, అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. నమలడం మాత్రం ఆపలేదు.

"ఇంకొంచెం తిను తమ్మీ," అన్నాడు వెంకట్రాజం. "అన్నం గూడ అయితాంది."