నాపరాళ్ళ చాటు

మాచర్ల అవతల నాపరాతి గనిలో సువార్తమ్మ పొద్దుటి నుంచి పలకలు మోస్తుంది. పొద్దుగూకేదాకా మాత్రం నీళ్ళు ముట్టదు. మగవాళ్ళు చెంబులెత్తి తాగుతుంటే ఆమె తడిగుడ్డతో పెదవులు అద్దుకుంటుంది. మోచేతుల మీద ఎండిన చెమట, ఉప్పు పొడిలా సన్నగా మెరుస్తుంది. చుట్టూ తెల్లటి రాయే. ఒక్క పొద కూడా లేదు. మూత్రంలో మంట ఓర్చుకోలేక మిషను ఆసుపత్రికి వెళ్తే, నర్సు ఎలిజబెత్ మూత్రం పట్టిన సీసాను వెలుగుకెత్తి చూసింది. అందులో తుమ్మబంక రంగు. "ఒంటికి నీళ్ళు చాలకపోతే మూత్రపిండాలు ఉన్న నీటిని మళ్ళీ లోపలికే లాక్కుంటయ్. మలినమంతా ఈ కాసిని చుక్కల్లోనే చిక్కగా దిగుద్ది. పగలు తాగాల. లేకపోతే మూత్రపిండాలే చెడతయ్," అంది.

"తాగితే పోవాల గదమ్మా! యాడికి పోను?" అంది సువార్తమ్మ.

మర్నాడు మాత్రం ఆమె చెంబెడు నీళ్ళు తాగింది. మధ్యాహ్నం పలక మోస్తూ మోస్తూ, మోకాళ్ళు దగ్గరికి చేర్చి ఆగిపోయింది. తోటి కూలీ హజ్రా బీ చూసింది. "ఏందే, చెరువు తాగినావా?" అని నవ్వి, తన నెత్తి మీది పలకను దించి గట్టు వంపుకు అడ్డంగా ఆనించి నిలబెట్టింది. ఇంకో ఇద్దరు తమ పలకలను దాని పక్కన చేర్చారు. నడుమెత్తు చాటు ఏర్పడింది.

"అయ్యి అమ్మే రాళ్ళే!" అని మేస్త్రి అరిచాడు.

"నీ రాళ్ళు కరిగిపోవులే అన్నా, అటు తిరుగు!" అంది హజ్రా బీ.

అతను తిరిగాడు. సువార్తమ్మ కుచ్చెళ్ళు సర్దుకుంటూ ఇవతలికి వచ్చేసరికి, గనిలోని ఆడవాళ్ళంతా ఆ చాటు ముందు ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడి ఉన్నారు.