పిట్టకు పెట్టిన జపాన్ చాయ్

మా కాక పోయాడు. పోయిన వారం హుజూరాబాద్‌లో బస్సు ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది. కాక అంటే మా బాపు తమ్ముడు. చొప్పదండిలో ఎవరినడిగినా 'జపాన్ చాయ్ ఆయన' అంటారు. సీటు దొరకగానే నిద్రపోయాను. నమ్మండి, ఈ మధ్య వచ్చిన చావు కబుర్లతో అంత అలసిపోయి ఉన్నాను.

కాక చాలా ఏళ్లు దుబాయిలో, ఒక జపాన్ కంపెనీ క్యాంపులో వంట చేశాడు. అందరూ బంగారమో దుప్పట్లో తెచ్చుకుంటే ఆయన ఒక అలవాటు తెచ్చుకున్నాడు. సాయంత్రం చెలక పని నుంచి రాగానే నీళ్లు కాచి, మంట ఆర్పి, ఊరికే కూర్చునేవాడు. మసిలే నీళ్లు పోస్తే ఆకు చేదెక్కుతుందట. ఆవిరి పలచబడ్డాక గ్రీన్ టీ ఆకు వేసి, రెండు మాటలు మాట్లాడేలోపే వడకట్టేవాడు. సంత్రా పండు రసం పిండి, తొక్క కాస్త తురిమి, వేలు పెట్టి చూసి, కాలకపోతేనే ఆదిలాబాద్ అడవి తేనె కలిపేవాడు.

పాలు, చక్కెర పోసి చిక్కబడేదాకా మరిగించే ఊరు మాది. చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ రెండోసారి గ్లాసు చాపలేదు.

"గిది చాయా, జ్వరమచ్చినోళ్లకిచ్చే కషాయమా?" అనేది మా చిన్నమ్మ, ఆయన భార్య. ఒక్క గుక్కయినా తాగింది లేదు.

"తాగకున్నా ఫికర్ లేదు. నీళ్లు సల్లారేదాంక గిట్ల కూసో," అనేవాడు కాక. గొణుక్కుంటూనే కూర్చునేది. ఉద్యోగంలో నలిగి నేను వెళ్లినప్పుడల్లా నాకూ అదే మాట. "ఆగుడు గూడ పనేరా. జర కూసో." ఆ మాట నన్ను చాలాసార్లు కాపాడింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, చితి కాలిన చోట విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. మటన్, గారెలు, కల్లు పెట్టాం. కాక డబ్బాలోని ఆకు, సంత్రాలు, తేనె తెచ్చి, అక్కడే రాళ్ల పొయ్యి మీద చాయ్ మా వదిన పెట్టింది, ఇంట్లో పాల చాయ్ పెట్టినట్టే, గలగలా మరిగించి.

ఎండ నెత్తికెక్కింది. కాకులు చెట్టు దిగలేదు. పిట్ట ముడితేగానీ అన్నం ముట్టనన్న చిన్నమ్మ నిలబడలేక తూలుతోంది.

"నీ పెండ్లాన్ని మేం జూసుకుంటం తమ్మీ, అచ్చి ముట్టు," అని మా పెదబాపు దండం పెట్టాడు. కాకులు కదలలేదు.

చిన్నమ్మ వెళ్లి ఆ గ్లాసు వాసన చూసింది. "మసలవెట్టిన్రు. గిది ఆయన తాగడు," అని పారబోసింది.

రాళ్ల పొయ్యి మీద మళ్లీ నీళ్లు కాచింది. మంట తీసేసి కూర్చుంది.

"జల్ది కానియ్యి బిడ్డా," అన్నాడు పెదబాపు.

"ఆగుండ్రి," అంది.

ఆవిరి పలచబడ్డాక ఆకు వేసింది, వడకట్టింది, సంత్రా పిండింది, వేలు పెట్టి చూసి తేనె పోసింది. ఒక్కనాడూ చెయ్యని మనిషి. ఎక్కడా తడబడలేదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

కాసేపటికి ఒక కాకి దిగి, మటన్ ముక్క కరుచుకుని ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ ఊపిరి పీల్చుకుని చెప్పులు వెతుక్కున్నారు.

"పా చిన్నమ్మా, ఇంత తిందువు," అన్నాను.

"చాయ్ ముట్టలే గద కొడుకా. మీరు పోన్రి."

వెళ్లి గ్లాసు పక్కనే కూర్చుంది. మనిషి అంత దగ్గరుంటే కాకి దిగదు. ఆమె కొంగుతో ఈగలు తోలుతూ ఉండిపోయింది.