గోళీ మిషన్‌లో దొరకని షార్టు

ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్ళుండగా, ఒక జూలై నెలలో, ఆమదాలవలస సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా నన్ను బదిలీ చేశారు. విద్యుత్ పంపిణీలో సెక్షన్ అంటే చిట్టచివరి ఆఫీసు. పైన సబ్ డివిజన్, డివిజన్ ఎన్ని ఉన్నా, కరెంటు పోతే జనం తిట్టుకునేది సెక్షన్ ఏఈనే. నా కింద ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, నలుగురు లైన్‌మెన్లు. అంతకుముందు శృంగవరపుకోటలో కొండగాలికి తెగిపడే తీగలతో మూడేళ్ళు వేగి వచ్చినదాన్ని, ఆమదాలవలసలో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నాను.

రెండో వారంలోనే ఒక కాగితం వచ్చింది. స్టేషన్ రోడ్డులో ఒక టీ కొట్లో ఆట మిషన్ కాలు తగిలి షాకు కొట్టిందని ఒక ధాన్యం వ్యాపారి రాసిచ్చాడు. ఇలాంటి ఫిర్యాదు వస్తే మా పద్ధతి ఒకటే. ముందు లైన్ ఇన్‌స్పెక్టరు చూడాలి, తర్వాత ఏఈ స్వయంగా పరీక్ష చేయాలి. లోపం ఉంటే సరిచేసుకునేదాకా ఆ కొట్టుకు సరఫరా ఆపేయాలి. లేకపోతే లేదని రాసి సంతకం పెట్టాలి. ఆట మిషన్ ఏమిటి, దానికి షాకేమిటని విసుక్కుంటూనే వెళ్ళాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని డిపార్టుమెంటులో అందరికీ తెలుసు.

కొట్టు యజమాని సింహాచలం ఓడల్లో ఇంజన్ రూమ్ ఫిట్టరుగా చేసి వచ్చినవాడు. అతను పనిచేసిన ఆఖరి ఓడను తుక్కుకు పంపేస్తుంటే, సిబ్బంది గదిలో ఆడుకునే పిన్‌బాల్ మిషన్‌ను కెప్టెన్ అతనికి ఇచ్చేశాడట. విశాఖ నుంచి లారీలో తెచ్చి కొట్టు వసారాలో పెట్టాడు. నాలుగు ఇనుప కాళ్ళ మీద వాలుగా నిలబెట్టిన చెక్క పెట్టె, పైన అద్దం, లోపల ఉక్కు గోళీ. స్ప్రింగు లాగి వదిలితే గోళీ పైకి పోయి, గంటలు మోగిస్తూ, దీపాలు వెలిగిస్తూ కిందికి దొర్లుతుంది. పెట్టె పక్కనున్న మీటలు నొక్కితే లోపల రెండు రెక్కలు లేచి దాన్ని మళ్ళీ పైకి తంతాయి. రెక్కల మధ్య నుంచి జారిపోయిందా, ఆ గోళీ పోయినట్టే. అందులో కంప్యూటరు చిప్పు ఒక్కటి లేదు. అంతా రిలేలు, కాయిళ్ళు, కట్టలు కట్టలుగా తీగలు. ఊళ్ళో దాని పేరు గోళీ మిషన్.

స్టేషన్ రోడ్డులో టీ కొట్లకు కొదవ లేదు. పాసింజరు ఆలస్యమైతే జనం వాటన్నిటినీ దాటుకుని ఇతని దగ్గరికి వచ్చేది ఈ మిషన్ కోసమే.

"ఇది తీసీమంటే కొట్టు మూసీమన్నట్టే మేడమ్" అన్నాడు సింహాచలం. "నా టీ కోసం ఎవుడొస్తాడు? మా ఆడది ఎట్టిన టీ నాకే దిగదు."

పొయ్యి దగ్గర నుంచి అతని భార్య పైడమ్మ అందుకుంది. "మరేటి, రోజుకి ఆరు గళాసులు ఎలగ మింగతన్నావు?"

నాకు నవ్వొచ్చింది గానీ మొహం బిగించుకున్నాను. మిషన్‌కు రెండు పిన్నుల ప్లగ్గే ఉంది, అంటే ఎర్తు లేదు. అది నూటపది వోల్టుల మిషన్. మన వోల్టేజీని తగ్గించడానికి సింహాచలం ఒక ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు. అది వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప మెయిన్ లైనుతో సంబంధం తెంచదు. లోపల ఎక్కడైనా తీగ ఇనుముకు తగిలితే కాళ్ళలోకి కరెంటు రావడం ఖాయం. మా లైన్ ఇన్‌స్పెక్టరు అప్పారావు ఆ కాళ్ళ నుంచి కొట్టు ఎర్తుకు ఒక తీగ కట్టాడు. ఎర్తు ఉంటే, తీగ ఇనుముకు తగిలిన క్షణంలో కరెంటు మనిషిలోంచి కాక భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. పది రోజులు చూసి పరీక్షకు వస్తానని చెప్పాను.

ఆ వారంలో షాకు ఊసు లేదు. ఫ్యూజు మాత్రం మూడుసార్లు పోయింది. ఒకసారి పొద్దున్న, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి కొట్టు నిండా జనం ఉండగా. లోపల ఎక్కడో షార్టు ఉందని దానితో తేలిపోయింది. ఎప్పుడూ ఉంటే పట్టుకోవడం సులువు. అప్పుడప్పుడు వచ్చి పోయే షార్టుతోనే మా ప్రాణం పోయేది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఫ్యూజు పోవడం కూడా ఆగిపోయింది. సింహాచలం ఆఫీసుకు వచ్చి మరీ చెప్పాడు, "అంతా సుబ్బరంగున్నాది మేడమ్" అని. ఏమీ చేయకుండా షార్టు ఎలా బాగుపడుతుందని ఆ రోజే అడగవలసింది. అడగలేదు.

పదో రోజు మధ్యాహ్నం అప్పారావును తీసుకుని వెళ్ళాను. పాసింజరు వెళ్ళిపోయింది, కొట్టు ఖాళీ. ప్లగ్గు తీయించి, మెగ్గరు పెట్టాం. మెగ్గరు అంటే తీగకూ ఇనుముకూ మధ్య ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం. మాది చేత్తో తిప్పే పాత రకం. ఒక కొస ప్లగ్గు పిన్నులకు, రెండోది మిషన్ కాలుకు కలిపి అప్పారావు తిప్పాడు. ముల్లు కదలకుండా ఇన్ఫినిటీ దగ్గరే నిలబడింది, అంటే లోపం లేదు. మళ్ళీ తిప్పించాను, అదే. ఎర్తు తీగ బిగింపు చూశాను, గట్టిగా ఉంది. తర్వాత కరెంటు ఇచ్చి నేనే మూడు గోళీలు ఆడాను. ఫ్యూజు పోలేదు. సింహాచలం చేతులు కట్టుకుని నా మొహం వంకే చూస్తున్నాడు. బల్ల మీద ఫారం పెట్టి 'లోపం కనుగొనబడలేదు' అని రాశాను. ఇక సంతకమే తరువాయి.

గ్లాసులు కడుగుతున్న పైడమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీరు ఆడలేదమ్మా. దాన్ని నిమిరినారు."

సింహాచలం ఉలిక్కిపడ్డాడు. "ఒసే, నీకేటి తెలుసే? లోనికెళ్ళు."

"నువ్వూరుకో" అని అతని వైపైనా చూడకుండా ఆవిడ నాతోనే చెప్పింది. "ఆ ఎర్తు తీగ ఈ పొద్దున్నే కట్టేడమ్మా. ఫ్యూజు పోతన్నాదని మూడోసారి పోయిన రోజే ఇప్పీసినాడు. మీరెళ్ళిపోతే మళ్ళీ ఇప్పీస్తాడు. నిన్న మద్దేనం ఆడతంటే నాకు సెయ్యి జుమ్మంది. అంతకు ముందు రెండుసార్లు. సెప్తే మిషన్ తీసీమంటారని నానూ సెప్పలేదు."

నాకు మండిపోయింది. ఎర్తు ఇచ్చాకే ఫ్యూజు పోతోంది కాబట్టి తప్పు ఎర్తుదేనని తీగ పీకేయడం మా జిల్లాల్లో ఇంటింటా చేసే పనే. దీపం వెలుగుతుంటే చాలు, కరెంటు బాగున్నట్టే. కానీ ఓడ ఇంజన్ల దగ్గర బతికిన మనిషి కూడా అదే పని చేశాడే! "నీ పెళ్ళాం చస్తే ఈ మిషన్ ఎవడు ఆడతాడయ్యా?" అని అరిచేశాను. సింహాచలం మొహం పాలిపోయింది. పాసింజరు వచ్చే వేళకు కొట్టు చీకటైపోతే జనం తిరిగి రారని భయపడ్డానని, ఆవిడకు జుమ్మందన్న సంగతి తనకిప్పటిదాకా తెలియదని గొణిగాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూస్తుంటే అది నిజమేననిపించింది.

అప్పుడు ఆవిణ్ణే అడిగాను, ఎలా ఆడతావో చూపించమని. కరెంటుతో ఆడించడం నాకు ధైర్యం చాలలేదు. ప్లగ్గు తీసేసి, మెగ్గరు మళ్ళీ తగిలించి, ఆవిడ కాళ్ళ కింద రబ్బరు పట్టా వేసి, చేతులకు లైన్‌మెన్ తొడుగులు ఇచ్చాను. దీపాలు లేవు, గంటలు లేవు, గోళీ కదలదు.

"ఉత్తి డబ్బా ఎలగాడతారమ్మా?" అని సిగ్గుపడింది ముందు. తర్వాత రెండు చేతులూ పెట్టె మీద వేసి, అద్దంలోకి చూస్తూ మొదలుపెట్టింది. లేని గోళీ ఎటు పోతోందో ఆవిడకు కనిపిస్తున్నట్టే ఉంది. ఎడమ మీట, కుడి మీట. గోళీ మధ్యకు జారబోతోంది కాబోలు, "ఓలమ్మో" అంటూ నడుముతో పెట్టెను ఎడమకు ఒక్క పోటు పొడిచింది. మెగ్గరు ముల్లు ధబ్బున సున్నాకు పడి మళ్ళీ లేచింది.

"పడింది మేడమ్!" అని అరిచాడు అప్పారావు.

మరో రెండుసార్లు పొడిపించాం. రెండుసార్లూ పడింది.

ఇలా కుదిపే ఆటగాళ్ళను ఆపడానికే ఈ మిషన్లలో ఒక లోలకం ఉంటుందట. ఎక్కువ కదిలిస్తే అది తగిలి ఆట ఆగిపోతుంది. అలల మీద ఊగే ఓడలో లోలకం ఉంటే ఆటే సాగదని సిబ్బంది ఏనాడో దాన్ని విప్పేశారని సింహాచలం అప్పుడు చెప్పాడు. అందుకే మనవాళ్ళు దాన్ని ఎంత కుదిపినా అడ్డు లేకపోయింది.

పెట్టెకు ముందున్న తలుపు తెరిచి టార్చి వేశాను. ఎడమ ముందు కాలు బోల్టు పెట్టె లోపలికి రెండంగుళాలు పొడుచుకు వచ్చి ఉంది. దాని పక్కనుంచే స్విచ్చికి వెళ్ళే మెయిన్ తీగ. తొడుగు ఒరుసుకుపోయి రాగి మెరుస్తోంది. పెట్టె ఊగినప్పుడే రెండూ తాకేవి, ఊగడం ఆగితే విడిపోయేవి. లారీలో అసలు బోల్టు పడిపోతే రైసుమిల్లు నుంచి ఒకటి తెచ్చి వేశానని సింహాచలం ఒప్పుకున్నాడు. "పొడుగుంటే గట్టిగుంటాదనుకున్నాను మేడమ్" అన్నాడు. పొట్టి బోల్టు వేయించి, ఆ తీగ మార్పించి, దూరంగా జరిపి క్లిప్పులు కొట్టించాను. ఎర్తు తీగను విప్పడానికి వీల్లేకుండా పైపులో వేయించాను. మనిషికి షాకు తగలబోతే చటుక్కున సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ కూడా పెట్టించాను. పైడమ్మ మళ్ళీ నడుముతో పొడిచింది, మెగ్గరు ముల్లు కదల్లేదు. కరెంటు ఇచ్చి నిజం ఆట ఆడింది, గంటలు మోగాయి. అప్పుడు పాత కాగితం చింపేసి కొత్తది రాశాను.

మా సర్వీసులో నాకు పని నేర్పిన ఇంజనీర్లకు నేను ఎప్పుడూ దండం పెట్టుకుంటాను. ఆ వరసలో పైడమ్మ పేరు కూడా ఉంది. ఆ మొదటి కాగితం ఆవిడకు కావలసినట్టే తయారైంది. నోరు మూసుకుంటే మిషన్ దక్కేది, కొట్టు దక్కేది. నోరు తెరిస్తే రెండూ పోవచ్చు. వెళ్ళబోతూ ఆ మాటే అడిగాను, ఇన్నాళ్ళు దాచినదానివి ఇప్పుడెందుకు చెప్పావని.

"ఇన్నాళ్ళూ జనం బయపడతానే ముట్టుకున్నారమ్మా. మీరు సంతకమెట్టీస్తే దైర్యంగా ముట్టుకుంటారు గదా" అంది.

మిగిలిన నాలుగేళ్ళలో ఏ ఇంటికి పరీక్షకు వెళ్ళినా రెండు పనులు తప్పకుండా చేశాను. మీ కరెంటు తీసేయడానికి రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండని ముందే చెప్పేదాన్ని. ఆ తర్వాత, దాన్ని రోజూ వాడే మనిషి నా ఎదుట వాడి చూపించేదాకా సంతకం పెట్టలేదు.