అద్దం వెనక రెండో గీత

మా బావని పనివాళ్ళందరూ టేపు మేస్త్రీ అంటారు. స్నానాల గదుల్లో అద్దాలు బిగించడం ఆయన పని. సబ్బు అరలూ తువ్వాలు కడ్డీలూ కూడా బిగిస్తాడు గానీ పేరొచ్చింది మాత్రం అద్దాలతోనే. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు, ఇంతవరకూ ఎవరింట్లోనూ ఒక్క టైలు పగలలేదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. ఆయన్ని పొగడడం నాకు అలవాటు లేదు, మరదల్ని కదా. ఆయనలో వంకలు వెతకడానికే పుట్టాననుకుంటాను. అలాంటిదాన్ని నేనే ఒక మంచిమాట అంటున్నానంటే నమ్మవచ్చు.

టైలు ఎందుకు పగులుతుందో, ఎలా పగలకుండా ఉంటుందో అడిగామా, ఇక ఆ పూట మన పని అయిపోయినట్టే. వెళ్ళగానే ముందు గోడని వేలి ముడితో తట్టుకుంటూ పోతాడు. ఎక్కడైనా బోలుగా మోగితే అక్కడ పని పెట్టుకోడు. రంధ్రం పడాల్సిన చోట కాగితపు టేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటిస్తాడు, డ్రిల్లు మొన జారిపోకుండా. డ్రిల్లుని సుత్తిలా కొట్టించే మీట ఒకటుంటుంది, దాన్ని ఆపేస్తాడు. తడి స్పాంజితో నీళ్ళు అద్దుతూ, పసిబిడ్డని నిద్రపుచ్చుతున్నంత మెల్లగా తిప్పుతాడు. పక్కన ఎవరైనా తొందరపెడితే డ్రిల్లు కింద పెట్టి, వాళ్ళు బయటికి వెళ్ళేదాకా కూచుంటాడు.

వీటన్నిటికంటే ముందు ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ ఇంట్లో అందరికంటే పొట్టి ఎవరు? అందరికంటే పొడుగెవరు?" ఆ ఇద్దరినీ పిలిచి గోడకి ఆనించి నిలబెట్టి, వాళ్ళ కళ్ళకి తిన్నగా ఎర్ర మైనం పెన్సిలుతో చెరో గీత గీస్తాడు. ఆ రెండు గీతలనీ బట్టే అద్దం. ఒకాయన, "ఈ ఇంటికి పెద్దని నేను, నా ఎత్తుకి పెట్టు" అన్నాడట. "పెద్ద మీరేనండీ. మరి అద్దం ముందు ఎక్కువసేపుండేది ఎవరు?" అని బావ అడిగితే, ఆయన నోరు మూసుకుని భార్యని పిలిచాడట. గీతలు మాత్రం బావ తుడవడు. రేపు అద్దం మార్చాల్సివస్తే వచ్చేవాడికి పనికొస్తాయంటాడు. మా ఇంటి అద్దం వెనక కూడా రెండున్నాయి, కింది గీత నాది.

ఇంత తెలివిగల మనిషి సొంత ఇంట్లో ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా అక్క కళ్ళ ఆస్పత్రిలో చీటీలు రాస్తుంది. ఎత్తు అయిదడుగులకి ఒక వేలు తక్కువ, మనిషి గుండ్రంగా ఉంటుంది. బావ ఆరడుగుల పైనే, పుల్లలా ఉంటాడు. ఇద్దరూ కలిసి నడిచొస్తుంటే దూరం నుంచి పదంకెలా కనపడతామని అక్కే అంటుంది. పద్దెనిమిదేళ్ళ కిందట వాళ్ళు రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. స్నానాల గదికి టైల్స్ అక్క ఎంచింది. మూడు ఆదివారాలు తిరిగి, మూసేస్తున్న ఒక దుకాణంలో ఆఖరి పెట్టెలు పట్టుకొచ్చింది. లేత పచ్చరంగు, ఒక్కొక్క దాని మీద ఒక్కో తీరుగా సన్నటి తెల్ల చార. ఏ రెండూ ఒకలా ఉండవు. గోడకి సరిగ్గా సరిపోయాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. అవి చేసే కంపెనీ కూడా తరవాత మూతపడింది. మా అక్క జీవితంలో ఇది కావాలని పట్టుబట్టి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

గోడ పని పూర్తయ్యేసరికి నాకు కామెర్లొచ్చాయి. అక్క మూడు వారాలు నా దగ్గరే ఉండిపోయింది. ఆ మూడు వారాల్లోనే బావ అద్దం పెట్టేశాడు, ఆమెకి చెప్పకుండా. ఊరందరి టైల్స్‌కీ బెజ్జాలు వేసే మనిషికి ఆ పచ్చ టైల్స్ మీద డ్రిల్లు పెట్టడానికి చెయ్యి రాలేదట. గట్టి జిగురుతో అంటించాడు. వెడల్పాటి అద్దం, ఎత్తు మాత్రం అడుగే.

అక్క తిరిగి రాగానే చెయ్యి పట్టుకు తీసికెళ్ళి, "చూడు, ఒక్క బెజ్జం లేదు" అన్నాడు. అక్క చూసింది. వెనక గోడ మీది వెంటిలేటరు కనపడింది. తన తల వెంట్రుక కూడా కనపడలేదు. బావ గుమ్మంలో నిలబడి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఆమె ముఖమే చూస్తున్నాడు. "చాలా బావుంది" అంది అక్క.

అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. బావ ఆరింటికల్లా పనికి పోతాడు. ఆయన పోయాక అక్క మోకాలెత్తు స్టూలొకటి లోపలికి లాగి, దానిమీదెక్కి తల దువ్వుకుని, మళ్ళీ మూలకి జరిపేస్తుంది. ఆ స్టూలు బట్టలు ఉతకడానికనుకున్నాడు బావ. కళ్ళ ఆస్పత్రిలో పనిచేసే మనిషి మొగుడికి కళ్ళెదుట ఉన్నది కనపడలేదు. నాకెప్పుడో చెప్పింది, ఆయనతో అనొద్దని ఒట్టు వేయించుకుని. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఈ ఒక్క గింజని పదకొండేళ్ళు దాచాను.

రెండు నెలల కిందట స్టూలు జారి అక్క పడింది. ఎముక విరగలేదు గానీ చీలమండ బెణికి గుమ్మడికాయంత వాచింది. కట్టు కట్టి, ఇక దేని మీదా ఎక్కకూడదన్నాడు డాక్టరు. బావతో మాత్రం సబ్బునీళ్ళ మీద జారానని చెప్పింది.

ఆ ఆదివారం నేను చూడ్డానికి వెళ్ళేసరికి బావ స్నానాల గదిలో మోకాళ్ళ మీదున్నాడు. జారకుండా గరుకు పట్టీలు తెచ్చి నేలంతా అంటిస్తున్నాడు. అడుగు వేస్తే ఇసుక కాగితం మీద నడిచినట్టుంది. అడ్డంగా ఉందని ఆ స్టూలు తీసి బయట పెట్టాడు. అక్క మంచం మీద కూచుని, పౌడరు డబ్బా మూతలోని చిన్న అద్దాన్ని ఒక చేత్తో పట్టుకుని, పిన్నులు నోట కరిచి, ఇంకో చేత్తో జుట్టు ముడి వేసుకోవాలని అవస్థ పడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"బావా, నేలని వదిలెయ్. అక్క నేల మీద పడలేదు, స్టూలు మీంచి పడింది."

"స్టూలెందుకెక్కింది?"

"ముఖం చూసుకోడానికి."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అంది అక్క, పిన్నులు నోట్లోంచి తీసి.

బావ చేతిలోని పట్టీ కింద పెట్టాడు. లేచి అద్దం ముందుకెళ్ళాడు. మోకాళ్ళు వంచి కిందికి, ఇంకా కిందికి దిగి, తన కళ్ళు అక్క కళ్ళెత్తుకి వచ్చేదాకా దిగి చూశాడు.

"వెంటిలేటరు కనిపిస్తోంది" అన్నాడు.

కాసేపటికి బయటికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "ఎన్నాళ్ళుగా?"

"పెట్టిన దగ్గర్నుంచీ" అంది అక్క.

"చెప్పొచ్చుగా."

"ఆరోజు మీ సంబరం చూశాక నోరు రాలేదు. తరవాత అలవాటైపోయింది."

ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

మూడు రోజులు ఆ గోడ ముందు తచ్చాడాడు. అద్దం తీయాలి, తీస్తే జిగురుతో పాటు టైలు మీది పచ్చ పెచ్చు ఊడి రావచ్చు, లేదా టైలే పగలవచ్చు. "బయట పగిలితే ఇంకోటి తెచ్చి వేస్తాను. దీన్ని ఎక్కడ తెస్తాను? మీ అక్క అడిగి తెచ్చుకున్నది ఇదొక్కటే" అన్నాడు నాతో ఫోన్లో. కింద ఇంకో చిన్నద్దం పెట్టేస్తే చాలని అక్క అంది. "అద్దం కింద అద్దం పెడితే తప్పు గోడ మీదే ఉంటుంది" అన్నాడట. నాలుగో రోజు పని మానేసి నన్ను రమ్మన్నాడు. "నోరు కాదు, చేతులు తీసుకురా. నీ హెయిర్ డ్రయ్యరు కూడా."

అద్దం ముఖం నిండా టేపు అంటించాడు, పగిలినా ముక్కలు చెదరకుండా. డ్రయ్యరుతో అంచులు వేడిచేశాడు. సన్నటి ఉక్కు తీగ రెండు కొసలకీ చెక్కముక్కలు కట్టి, అద్దానికీ గోడకీ మధ్య దూర్చి రంపంలా లాగడం మొదలుపెట్టాడు. అద్దం బరువు రెండు అరచేతులతో కాయడం నా పని. జిగురు ఎనిమిది చోట్ల ఉందన్నాడు. ఒక్కోటీ తెగినప్పుడు లెక్క చెబుతున్నాడు. అయిదు దాకా బాగానే వచ్చింది.

ఆరో దగ్గర టిక్కుమని చప్పుడైంది.

బావ చెయ్యి ఆగిపోయింది. బయట స్టూలు మీద కూచున్న అక్క, "ఏమైంది?" అంది. ఆయన గోడకి చెవి ఆనించి వేలి ముడితో తట్టాడు. ఇంకోసారి తట్టాడు. నా చేతులు లాగేస్తున్నాయి, అయినా అద్దాన్ని కదలనివ్వలేదు. చివరికి అద్దం కింది అంచు తడిమి, "అద్దం మూల, గోరంత ముక్క" అన్నాడు.

ఆరోదీ, మిగతా రెండూ కూడా తెగాయి. అద్దం నా చేతుల్లోకి వచ్చింది. టైల్స్ ఒక్కటీ చెక్కు చెదరలేదు. మిగిలిన జిగురుని ప్లాస్టిక్ బద్దతో అరగంట సేపు గీకాడు. ఇనుప బద్దయితే తొందరగా పోతుందిగా అంటే, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు.

జిగురు పోయాక గోడ శుభ్రంగా బయటపడింది. పైన, బావ కళ్ళకి తిన్నగా, ఎర్ర మైనం పెన్సిలు గీత ఉంది. ఒక్కటే గీత.

ఆయన వేలు ఆ గీత మీంచి మెల్లగా కిందికి దిగింది. ఆ మూల నుంచి ఈ మూలదాకా వెతికింది. ఊళ్ళో ఆయన పెట్టిన ప్రతి అద్దం వెనకా రెండేసి గీతలున్నాయి. ఆదివారం నుంచీ ఒక మాట దాచిపెట్టుకున్నాను, 'ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు బావా' అందామని. అప్పుడు అనలేకపోయాను.

"ఒకసారి ఇలా రా" అని అక్కని పిలిచాడు.

అక్క గోడ పట్టుకుని కుంటుతూ వచ్చింది. గోడకి ఆనించి నిలబెట్టాడు. ఆమె అలవాటుగా మంచి కాలి మడమ కాస్త ఎత్తింది. "మడమ దించు. ఎంతున్నావో అంతే నిలబడు" అన్నాడు. కళ్ళకి తిన్నగా గీత గీశాడు. అది కొంచెం వంకరగా వచ్చింది. ఆయన గీత వంకర పోవడం నేను అప్పుడే చూశాను.

రెండు గీతలకీ మధ్య కొలిచాడు. అద్దం ఎత్తు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"మధ్యలో పెట్టండి" అంది అక్క.

"మధ్యలో పెడితే నీకు నుదురు, నాకు గడ్డం. ఎవరికీ ముఖముండదు."

పొడుగాటి కొత్తద్దం తెస్తానంటే అక్క ఒప్పుకోలేదు, ఇదే కావాలంది. బావ ఈసారి జిగురు వద్దన్నాడు. కావాలంటే ఎత్తి తీసేలా నాలుగు కొక్కేలు పెడతానన్నాడు. అంటే నాలుగు బెజ్జాలు. అక్క వైపు చూశాడు. "వెయ్యండి. మీ చేతిలో పగలవులే" అంది అక్క. టేపు అంటించి, మీట ఆపి, నా చేతికి స్పాంజి ఇచ్చి, ఒక్కో బెజ్జానికీ పావుగంట తీసుకున్నాడు. నేను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఎవరూ నమ్మరు గానీ నిజం. నాలుగు బెజ్జాలూ గుండ్రంగా వచ్చాయి. ముక్క ఊడిన మూల కిందివైపే ఉండేలా చూసుకుని, అద్దం అక్క గీత మీద నిలబెట్టాడు.

అక్క నేల మీద నిలబడి, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి తన స్నానాల గదిలో తన ముఖం చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "కుడి కనుబొమ్మలో తెల్లవెంట్రుక ఉంది. ఒక్కళ్ళూ చెప్పలేదేం?" అంది.

అద్దానికి పైన బావ పాత గీత అలాగే కనపడుతోంది. తుడవబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "ఉండనివ్వండి. దాన్ని చూస్తే ఆరోజు మీరు గుమ్మంలో నిలబడ్డదే గుర్తొస్తుంది."

ఇప్పుడు అక్క కాలు బాగయింది. మొన్న డ్రయ్యరు తెచ్చుకుందామని పొద్దున్నే వెళ్ళాను. స్నానాల గది తలుపు తీసే ఉంది. బావ ఆ స్టూలు మీద కూచుని గడ్డం గీసుకుంటున్నాడు, నిలబడితే ఆయనకి చొక్కా బొత్తాలే కనపడతాయి మరి. అక్క వెనక నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. ఆయన కూచోవడం వల్ల ఇద్దరి ముఖాలూ అద్దంలో పక్కపక్కనే ఉన్నాయి. స్టూలు కాళ్ళకి కొత్తగా రబ్బరు తొడుగులున్నాయి.

"పద్దెనిమిదేళ్ళ కిందటే వెయ్యాల్సింది" అన్నాను.

"ఎక్కేవాళ్ళు చెప్పాలిగా" అన్నాడు బావ, బుగ్గ నిండా నురగతో.

అక్క అద్దంలోంచే ఆయన్ని చూసింది. "ఊరందరినీ అడిగారుగా. నన్నూ అడగాలిగా" అంది.

బావ రేజరు ఆపాడు. "ఇప్పుడడుగుతున్నా. ఎత్తు సరిపోయిందా?"

"సరిపోయింది" అంది అక్క, ఆఖరి పిన్ను పెట్టుకుంటూ.