నిలబడి కోసే రాజ్యం

"జ్వరం తగ్గిపోయింది కదా, ఇంకేమిటి?"

ఈ మాట రాజ్యంతో అననివాళ్ళు మా ఊళ్ళో లేరు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనూ అన్నాను. పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని అయ్యుండీ అన్నాను.

రాజోలు దగ్గర మా ఊరి చేపల బజారులో రాజ్యం చేపలు కోస్తుంది. భర్త గంగబాబు బోటు మీద వేటకి పోతాడు. బజారు అరుగు మీద మూడో చోటు ఆమెది, అంతకుముందు ఆమె అత్తగారిది. గొంతుక్కూర్చుని కత్తిపీటను పాదంతో తొక్కిపట్టి కోస్తుంటే బొచ్చె చేప ముక్కలన్నీ ఒకే మందంలో పడేవి. "పులుసుకాండీ, వేపుడికాండీ?" అని ఒక్కసారే అడిగేది.

పోయిన వానాకాలం ఆమెకి చికున్‌గున్యా వచ్చింది. ఐదు రోజులకి జ్వరం దిగింది గానీ ఒళ్ళు మాట వినడం మానేసింది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. చీర కుచ్చిళ్ళకి కూతురు దుర్గాశ్రీ సాయం రావాలి. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. చేపలు తిన్నందుకేనని ఒకరు, పథ్యం సరిగ్గా చెయ్యలేదని ఇంకొకరు. అమలాపురంలో డాక్టరుగారు మాత్రం "కొందరికి నెలల తరబడి ఇలాగే ఉంటుందమ్మా, ఇందులో నీ తప్పేం లేదు" అన్నారట. తప్పు లేదన్న మాటకే ఆటోలో ఇంటిదాకా ఏడ్చిందట.

మూడు వారాలు రాకపోతే అరుగు మీద చోటు వేరేవాళ్ళకి పోతుంది. అది మా బజారు ఆనవాయితీ. రాజ్యం ఇరవయ్యో రోజున వచ్చింది. రెండు చేపలు కోసి, లేవలేక అరుగు పట్టుకుని ఉండిపోయింది. పక్క చోటులో ముప్ఫయ్యేళ్ళుగా కోస్తున్న, రాజ్యం వరసకి అత్తా అని పిలిచే చిన్నమ్మలు "వేషాలు" అని మొహం తిప్పుకుంది. అప్పుడే నేనూ ఆ పాడు మాట అన్నాను.

రాజ్యం తలెత్తి చూసింది. "తగ్గింది జ్వరమేనండీ టీచరుగారూ. నొప్పులెక్కడికీ పోలేదండి."

మర్నాడు ఇంట్లో పాత బల్ల మీద కత్తిపీటను మేకులతో బిగించి తెచ్చింది. అరుగు కింద తన చోటు ముందు వేసి, నిలబడి కోయడం మొదలుపెట్టింది.

చోటుకింత అని బజారు ఆశీలు వసూలు చేసే కామరాజు పరుగున వచ్చాడు. "నిలబడి చేపలు కోసే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు. అందరిలా కూర్చో, లేదా చోటు ఖాళీ చెయ్యి."

"ఇప్పుడు చూసేరు కదండీ" అంది రాజ్యం, పని ఆపకుండానే. "చోటు నాది. కూర్చోవాలో నిలబడాలో నా మోకాళ్ళు చెబుతాయండి."

మొదటి వారం ముక్కలు వంకరగా పడ్డాయి. కొందరు పక్క చోటుకి పోయారు. నేను పోలేదు. నోరు జారినందుకు ఆ వంకర ముక్కలే పులుసు పెట్టుకు తిన్నాను. నెల తిరిగేసరికి ముక్క కుదిరింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. అడిగితే "ఉందండి, దాని పని అది చేసుకుంటంది, నా పని నేను చేసుకుంటన్నాను" అనేది.

మొన్న ఆదివారం పొద్దున చిన్నమ్మలు అరుగెక్కలేదు. తన కత్తిపీట చంకలో పెట్టుకుని బల్ల దగ్గర నిలబడింది.

"రాజ్యం, దీని మీద నాక్కూడా కాస్త చోటుంటదా?"

రాజ్యం చేతిలో చేప ఆగిపోయింది. "నీకెప్పుడొచ్చిందత్తా జ్వరం?"

"నీకన్నా ముందే. చెబితే చోటు పోద్దని చెప్పలేదు."

అన్నాళ్ళూ పళ్ళు బిగించి కూర్చుని, పక్కనున్నదాన్ని "వేషాలు" అందన్నమాట. నాకు ఒళ్ళు మండింది, వెంటనే నా మాటే నాకు గుర్తొచ్చి ఊరుకున్నాను. రాజ్యం చేపల బుట్ట కిందికి దించి, బల్ల మీద ఒక మూల ఖాళీ చేసింది.

ఇంతలో కామరాజు వచ్చి ఇద్దర్నీ చూసి నోరు తెరిచాడు.

"ఆయ్, రండి కామరాజుగారూ" అంది రాజ్యం. "ఓ వడ్రంగిని పంపండి. బల్ల పొడుగు చాలట్లేదు."