మాక్ డ్రిల్‌లో బాధితురాలు

మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టు అద్దం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చుకోమని, నవ్వమని, అద్దంలో కనిపిస్తున్న మనిషి చాలా గొప్పదని చెబుతుంది. అంటించినవాళ్ళకు భయమంటే ఏమిటో తెలియదు. తెలిసుంటే లిఫ్టులో అంటించరు.

నాకు ఆ భయం మొదట మెట్రోలో వచ్చింది, మా తమ్ముడు పోయిన రెండో నెలలో. గుండె గొంతు దగ్గర కొట్టుకుంది. వేళ్ళు మొద్దుబారాయి. చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు వినిపించాయి. చచ్చిపోతున్నానని నమ్మాను. మా తమ్ముడికి నలభై నిండలేదు. ఒక ఆదివారం ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, అంబులెన్సు నల్లగండ్ల ఫ్లైఓవర్ దాటకముందే అయిపోయింది. అప్పటినుంచి నా ఛాతీలో ఏది కదిలినా నా వంతు వచ్చిందనే అనుకుంటాను.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "గుండెజబ్బు కాదమ్మా, భయం. పారిపోతే పెరుగుతుంది. ఉన్నచోటే ఉంటే పావుగంటలో అదే దిగిపోతుంది" అంది. ఆ ఏడాది నాకు చాలామంది చాలా చెప్పారు. పనికొచ్చిన మాట అదొక్కటే.

ఉన్నచోటే ఉండాలంటే ముందు ఒక చోటు కావాలి. నాకు మెట్లు దొరికాయి. మా ఆఫీసు భవనంలో మెట్లు ఎవరూ ఎక్కరు. మెట్లెక్కే యంత్రం మీద కాళ్ళాడించడానికి కింది జిమ్ముకు లిఫ్టులో వెళతారు. భయం మొదలవగానే నేను మెట్ల తలుపు తోసుకుని వెళ్ళి, గోడకున్న మంటలార్పే సిలిండరు మీది సూచనలు మొదటినుంచి చివరిదాకా చదివేదాన్ని. చాలా అధ్వాన్నమైన ఇంగ్లిషు. మనసులోనే తప్పులు దిద్దుకుంటూ ఉంటే కాసేపటికి చెమట ఆరేది. కంపెనీలో నా ఉద్యోగం కూడా అదే, వాళ్ళ మాన్యువల్స్, పాలసీలు రాయడం, దిద్దడం.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు మా టీములో ఒకావిడ మీటింగులో ఏడ్చింది. మర్నాడే ఆమెను నెల రోజులు ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. చాలా ప్రేమగా అన్నారు. ఆ ప్రేమ నామీద పడితే నేను తట్టుకోలేను. నా ఇల్లు మా తమ్ముడి ఇల్లు కూడా. బాత్రూము అరలో వాడి రేజరు ఇంకా అక్కడే ఉంది. ఆ ఇంట్లో రాత్రి ఎలాగో పడుకుంటాను. పగలంతా ఉండడం నా చేతకాదు. నాకు పగలు గడవడానికి ఒక కుర్చీ కావాలి. ఆ కుర్చీ ఆఫీసులో ఉంది.

ఒకసారి ఆఫీసులో మానసిక ఆరోగ్య వారోత్సవం జరిపారు. మెదడు ఆకారంలో గులాబీరంగు రబ్బరు బంతులు పంచి, ఒత్తిడిగా ఉంటే పిసకమన్నారు. అందరూ ఒకరి తలమీద ఒకరు విసురుకున్నారు. వారం చివర మాక్ డ్రిల్ పెట్టారు. ముందే మెయిల్‌లో వేళ చెప్పి మరీ వచ్చే అగ్నిప్రమాదం అది. గాయపడ్డ మనిషిగా, వాళ్ళ భాషలో క్యాజువాల్టీగా, నటించడానికి ఫైనాన్సు విభాగంలోని ఒక లావుపాటి మేనేజరును ఎంచుకున్నారట.

సైరన్ మోగింది. జనం కాఫీ కప్పులతో సహా మెట్ల మీదికి వచ్చారు. నేను ఒంటరిగా నిలబడే చోట వందలమంది భుజాలు రాసుకుంటూ, జోకులేసుకుంటూ దిగుతున్నారు. రెండో అంతస్తు మలుపులో నాకు ఊపిరి అందలేదు. గోడ పక్కన కూలబడి ఛాతీ పట్టుకున్నాను.

నారింజరంగు జాకెట్లు వేసుకున్న ఇద్దరు ఫైర్ వార్డెన్లు పైనుంచి దిగి వచ్చారు.

"దొరికింది! సెకండ్ ఫ్లోర్ల క్యాజువాల్టీ దొరికింది!" అని ఒకడు వాకీటాకీలో అరిచాడు.

"కాలుకు దెబ్బ అన్నరు గద. గీమె ఛాతీ పట్టుకున్నది," అన్నాడు రెండోవాడు.

"మార్చిన్రేమో. మనకెందుకు, ఎత్తు ఇగ."

"నన్ను వదిలేయండి, కాసేపట్లో తగ్గుతుంది," అన్నాను.

"మేడం, జర మాట్లాడకుండ్రి. మీకు స్పృహ లేదు."

మడత కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, మెట్లన్నీ దించి పార్కింగులోకి తీసుకొచ్చారు. నన్ను చూడగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. హెచ్.ఆర్. మేనేజరు పరుగున వచ్చింది. "భలే చేశారండీ! ఆ చెమట ఎలా తెప్పించారండీ బాబూ?"

నా రహస్యం ఇంత మంది మధ్య ఇంత భద్రంగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. వీళ్ళలో సగం మంది ఎదుటివాళ్ళ మనసు చదివే భావోద్వేగ ప్రజ్ఞ మీద శిక్షణ పొంది సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్ళు. నా పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఒక్కడికీ అనుమానం రాలేదు. నా మొహం వాళ్ళ కార్యక్రమంలో సరిగ్గా అమరింది, వాళ్ళకు అంతకన్నా అవసరం లేదు. చప్పట్లు వింటూ, ఈ మూర్ఖత్వానికి నేను రుణపడి ఉన్నాననుకున్నాను.

అప్పుడే ఫైనాన్సు మేనేజరు మెట్ల దారిలోంచి బయటికొచ్చాడు. కాలికి కట్టు, కట్టు మీద టమాటా సాసు.

"అరగంటసేపు ఐదో ఫ్లోర్ల పండుకున్న. ఒక్కడు రాలే! నిజంగ మంటలంటుకుంటే బూడిదైపోతుంటి కదరా!"

అందరూ విరగబడి నవ్వారు. తర్వాత ఎవరో, "మరి ఈమె ఎవరు?" అన్నారు. నవ్వు ఆగింది.

హెచ్.ఆర్. మేనేజరు నా ముందు వంగింది. గొంతు మార్చింది. చంటిపిల్లలకు అన్నం పెట్టేటప్పుడు వాడే గొంతు అది. "అయ్యో, మాకు ముందే చెప్పొచ్చు కదండీ?"

"మెట్ల మీద చెప్పాను. నాకు స్పృహ లేదన్నారు."

"ఒక నెల ఇంట్లో రెస్టు తీసుకోండి. మీ మంచికేనండీ. పాలసీ ప్రకారం..."

"ఆ పాలసీ దిద్దింది నేను. అడగనివాళ్ళను ఇంటికి పంపమని అందులో లేదు." నా గొంతు వణికింది. వణకనిచ్చాను. "ఇది మళ్ళీ వస్తుంది. ఇక్కడే, మీ అందరి ముందే వస్తుంది. అప్పుడు నన్ను ఎత్తకండి. ఓదార్చకండి. పావుగంట నా మానాన నన్ను వదిలేయండి. ఇంటికి మాత్రం వెళ్ళను."

ఆమె చుట్టూ చూసింది, ఎవరైనా సాయం వస్తారేమోనని. అందరూ తమ తమ ఫోన్లలోకి చూసుకున్నారు. ఇప్పుడే తీసిన వీడియో ఉంచాలా చెరపాలా అన్నది వాళ్ళకొచ్చిన పెద్ద ధర్మసంకటం.

"సరే, రేపు మాట్లాడదామండీ," అంది.

"రేపు నా సీట్లోనే ఉంటాను," అన్నాను. పట్టీలు నేనే విప్పుకున్నాను.

డ్రిల్ అయిపోయినందుకు సమోసాలు పంచారు. లోపలికి వెళ్ళే గేట్ల దగ్గర వరసలో నిలబడ్డాను. సగం దూరంలోనే వేళ్ళు మళ్ళీ మొద్దుబారడం మొదలైంది. ఈసారి మెట్ల తలుపు కోసం వెతకలేదు. వరస నుంచి ఒక అడుగు పక్కకు జరిగి, అందరూ చూస్తుండగా గోడకు ఆనుకున్నాను. ఇందాకటి వార్డెను సమోసా తింటూ ఆగాడు.

"మేడం, ఎత్తాల్నా?"

"వద్దు."

"మంచిది," అని పక్కనే నిలబడి సమోసా తిన్నాడు. నాకేమీ చెప్పలేదు. చేయి పట్టుకోలేదు. తినడం అయ్యాక కాగితంతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంకొంచెంసేపు అక్కడే ఉన్నాను. ఊపిరి కుదురుకున్నాక గేటుకు కార్డు చూపించి లోపలికి వెళ్ళాను. సాయంత్రానికి ఇంకా చాలా టైముంది.